పాలిమర్ పొరలకు లిథియం ఉప్పు: పాళ్లు తప్పితే సరుకు చెడుతుంది
కార్బొనేట్ ధర చూసి లవణం కొనేవారికి హెచ్చరిక

ఆముదం వర్తకులకు లిథియం కొత్త పేరు కాదు. మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల మెట్ట పొలాల్లో పండిన ఆముదం గింజ నూనెగా మారి, ఆ నూనె నుంచి వచ్చే 12-హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లం లిథియం హైడ్రాక్సైడుతో కలిసి లారీల బేరింగులకు పూసే గ్రీజు అవుతున్నది. మందుల కర్మాగారాల చుట్టూ తిరిగే బ్రోకర్లకు బ్యూటైల్ లిథియం తెలుసు. మానసిక వ్యాధులకు వాడే లిథియం కార్బొనేట్ బిళ్ల ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది. అయితే ఈ పాత గిరాకీలన్నింటినీ పక్కకు నెట్టిన బ్యాటరీల రంగంలో లిథియం లోహంగా కన్న లవణంగానే ఎక్కువగా చేతులు మారుతున్నది. ఆ లవణం వెళ్లి చేరే చోట్లలో ఒకటి పల్చని ప్లాస్టిక్ పొర.

ఆ పొరలో వాడే సరుకులన్నీ విడివిడిగా మన బజార్లకు పరిచయమైనవే. పి.వి.ఏ. అనే పాలివినైల్ ఆల్కహాలు నూలుకు గంజి పెట్టే సైజింగ్ యూనిట్లకు, జిగురు తయారీదారులకు పోతుంది. పి.వి.పి. అంటే మాత్రలను విరిగిపోకుండా పట్టివుంచే పొవిడోన్. పి.ఎం.ఎం.ఏ. అంటే బోర్డులు రాసేవారు కొనే అక్రిలిక్. పి.ఇ.ఓ. అనే పాలిఎథిలీన్ ఆక్సైడు కూడా మెల్లగా కరిగే మాత్రల్లో వాడుకలో వున్నదే. వీటిలో ఏ రెంటినైనా కలిపి, అందులో లిథియం లవణం కరిగించి, పొరగా ఆరబెడితే విద్యుత్తును ఆపవలసిన ప్లాస్టిక్కే విద్యుత్తును మోసే వస్తువు అవుతుంది. గ్రాముల లెక్కన పోయే ఈ మార్పు కోసమే పరిశోధనశాలలు యాభై ఏళ్లుగా కుస్తీ పడుతున్నాయి.

తయారీ పద్ధతి చూడటానికి వడియాలు పెట్టినంత సులువు. రెండు పాలిమర్లను తగిన ద్రావకంలో విడివిడిగా కరిగిస్తారు. పి.వి.ఏ., పి.వి.పి. లకయితే నీరే చాలు. రెంటినీ కలిపి, తూచిన లవణం వేసి, గంటల తరబడి తిప్పి, చదునైన గాజు పళ్లెంలో పోసి ఆరనిస్తారు. ద్రావకం ఆవిరైపోగా మిగిలిన పొరను ఒలిచి తీస్తారు. హైదరాబాద్‌లోని ఉస్మానియా, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల భౌతిక శాస్త్ర విభాగాల్లో ఇటువంటి పొరల మీద ఏళ్లుగా పరిశోధనలు జరిగాయి. ఒక్క లిథియమే కాక పొటాషియం, సోడియం, వెండి లవణాలతో కూడా ప్రయత్నాలు సాగాయి.

ఉప్పు చేసే పని

లవణం లేని పి.ఇ.ఓ. పొరలో సగానికి పైగా భాగం స్ఫటిక రూపంలో వుంటుంది. గోదాములో లాట్లు కట్టి పేర్చిన బస్తాల మాదిరిగా గొలుసులన్నీ ఒకదాని పక్కన ఒకటి బిగిసివుంటాయి. మధ్య నుంచి మనిషి దూరే సందు కూడా వుండదు. లిథియం లవణం కలిసినప్పుడు అది రెండుగా విడిపోతుంది. ధనావేశం గల లిథియం అయాను గొలుసులోని ఆక్సిజన్ పరమాణువులను పట్టుకుంటుంది. రుణావేశం గల భాగం విడిగా తిరుగుతుంది. ఈ పట్టుల వల్ల బస్తాల వరుస చెదురుతుంది. స్ఫటిక భాగం తగ్గి, వదులుగా అల్లుకుపోయిన భాగం పెరుగుతుంది. ఎక్స్‌రే పరీక్షలో సూదిలాగా లేచే శిఖరాలు మొద్దుబారి వెడల్పవుతాయి. పొర మెత్తబడి, ఎక్కువ పారదర్శకమై, వంచితే పగలకుండా వంగుతుంది.

వదులుగా వున్న భాగంలోనే అయాను కదలగలదు. అది దానంతటది పరుగెత్తదు. గొలుసు కదిలినప్పుడల్లా ఒక ఆక్సిజన్ చేతిలో నుంచి మరొక ఆక్సిజన్ చేతిలోకి మారుతుంది. మేడ కట్టే చోట కూలీలు వరుసగా నిలబడి ఇటుకలు అందించుకోవటం చూసినవారికి ఇంతకన్న వివరణ అక్కరలేదు. కూలీ చేయి కదలకపోతే ఇటుక పైకి పోదు.

అంకెల్లో చెప్పాలంటే, లవణం లేని పి.ఇ.ఓ. మామూలు గది వేడి వద్ద సెంటీమీటరుకు సీమెన్సులో నూరు కోట్ల వంతు స్థాయిలో మాత్రమే విద్యుత్తును మోస్తుంది. లిథియం లవణం చేరాక అది కోటి వంతు నుంచి పది లక్షల వంతు స్థాయికి పెరుగుతుంది. అంటే కనీసం నూరు రెట్లు, మంచి పాకం కుదిరితే వెయ్యి రెట్లు. పి.ఇ.ఓ. స్ఫటికాలు కరిగే 65 డిగ్రీల సెల్సియస్ ప్రాంతం దాటితే ఒక్కసారి పదివేల వంతు స్థాయికి, ఇంకా పైకి ఎగబాకుతుంది. మామూలు లిథియం అయాన్ బ్యాటరీలో వుండే ద్రవం గది వేడి వద్దనే నూరవ వంతు స్థాయిలో వుంటుంది. పొర ఎంత ముందుకు వచ్చినా ద్రవంతో సమానం కాలేదన్నది మరిచిపోరాదు.

రెండవ పాలిమరును కలిపేది ఈ లోటు కొంత పూడ్చటానికే. పి.ఇ.ఓ. మోసే పని చేస్తుంటే, పి.వి.పి. గాని పి.ఎం.ఎం.ఏ. గాని దాని గొలుసులు మళ్లీ వరుస కట్టకుండా అడ్డుపడుతుంది. పొర నలిగిపోకుండా కొంత గట్టితనం కూడా ఇస్తుంది. పి.వి.ఏ., పి.వి.పి. జతలో ఒకదాని హైడ్రాక్సిల్, రెండవదాని కార్బొనిల్ ఒకదానినొకటి పట్టుకుంటాయి గనుక అవి నూనె, నీళ్లలా విడిపోవు. లిథియం వచ్చి ఆ కార్బొనిల్‌నే పట్టుకుంటుంది. ఇన్‌ఫ్రారెడ్ పరీక్షలో ఆ గీత జరగటాన్ని బట్టి లవణం నిజంగా పాలిమరుతో కలిసిందా, లేక ఊరకే పొడిగా ఇరుక్కుని వున్నదా అనేది తెలుస్తుంది. సరుకు నమూనా చూసి కొనేవారు అడగవలసిన మొదటి కాగితం ఇదే.

ఎక్కువైనా నష్టమే

లవణం పెంచుతూ పోతే గుణం పెరుగుతూనే పోతుందనుకుంటే పొరపాటు. ఒక హద్దు వరకు మోసే అయాన్లు పెరుగుతాయి, గొలుసు వదులవుతుంది, విద్యుత్ వాహకత పెరుగుతుంది. హద్దు దాటాక ధన, రుణ అయాన్లు ఒకదానినొకటి అంటిపెట్టుకుని జంటలు కడతాయి. జంట కట్టిన దానికి ఆవేశం లేదు, అది మోసేదీ లేదు. పైగా పి.ఇ.ఓ.లో లిథియం అయాన్లు ఎక్కువైనప్పుడు పక్కపక్క గొలుసులను కలిపి కట్టినట్లు పట్టుకుంటాయి. గొలుసు కదలిక మందగిస్తుంది, పొర బిగుస్తుంది. కూలీలందరి చేతులూ ఇటుకలతో నిండిపోతే అందుకునేవాడెవడు? ఇంకా ఎక్కువ వేస్తే లవణం పొర మీద తెల్లని మసకగా బయటపడుతుంది. అటువంటి పొరను కంటితోనే తిరస్కరించవచ్చును.

అందువల్ల పాళ్లను బరువులో కాక లెక్కలో చెబుతారు. ఒక లిథియం అయానుకు ఎన్ని ఆక్సిజన్లు అనేది కొలత. పి.ఇ.ఓ.లో ఇరవైకి ఒకటి అన్న పాళ్లు తరచుగా కనిపిస్తాయి. వర్తకుడికి ఇది బరువులో ఎంతవుతుందో చూద్దాం. లిథియం టి.ఎఫ్.ఎస్.ఐ. అనే లవణమయితే నూరు కిలోల పొరలో దాదాపు 25 కిలోలు లవణమే. అదే లిథియం పర్‌క్లోరేట్ అయితే సుమారు 11 కిలోలు చాలు. రెండు లెక్కల్లోనూ అసలు లిథియం మాత్రం కిలోకు లోపే, 600 నుంచి 700 గ్రాములు. లవణం పేరు మారితే ఆర్డరు బరువు రెట్టింపుకు పైగా మారుతుందన్నమాట. పాళ్ల కాగితం చూడకుండా "లిథియం ఉప్పు ఇన్ని కిలోలు" అని బేరం చేసుకోవటం కోరి తగాదా తెచ్చుకోవటమే.

పర్‌క్లోరేట్ తక్కువ బరువుతో సరిపెడుతుంది గదా అని దానికే మొగ్గరాదు. అది ఆక్సిజన్‌ను వదిలే సరుకు. పాలిమర్ వంటి కాలే పదార్థంతో కలిసి వేడెక్కితే పేలే ప్రమాదమున్నది. పరిశోధనశాలల్లో తరచు వాడినా, బ్యాటరీ కర్మాగారాలు దానికి దూరంగా వున్నది అందుకే. టి.ఎఫ్.ఎస్.ఐ. వేడికి నిలుస్తుంది, నీటికి కూడా అంత తొందరగా చెడదు. కాని ఖరీదు ఎక్కువ, ఎక్కువ వోల్టేజీ వద్ద అల్యూమినియం రేకును తింటుంది. ద్రవం నింపే బ్యాటరీలకు పోయే అసలు పెద్ద సరుకు లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్. అది తేమ తగిలితే విరిగి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుట్టిస్తుంది.

తేమ చేసే మోసం

ఈ వ్యాపారంలో మోసం ఎక్కువగా తేమ రూపంలో వస్తుంది. అది ఎవరూ కావాలని చేసేది కూడా కానక్కరలేదు. పి.వి.ఏ., పి.వి.పి. రెండూ గాలిలోని తడిని పీల్చుకుంటాయి. లిథియం లవణాలు మరింత పీలుస్తాయి. తడి తగిలిన పొర తడి లేని పొర కన్న బాగా విద్యుత్తును మోస్తుంది. వర్షాకాలంలో కోస్తా పట్టణంలో బల్ల మీద పెట్టి కొలిచిన పొర బ్రహ్మాండమైన అంకెలు చూపవచ్చును. అదే పొరను లిథియం లోహంతో జత చేస్తే ఆ తడే బ్యాటరీని తినివేస్తుంది. అంచేత వాహకత అంకె పక్కన అది ఏ వేడి వద్ద, ఎంత పొడి గాలిలో కొలిచినదో లేకపోతే ఆ అంకెకు ధర కట్టరాదు. బ్యాటరీ తరగతి లవణాలకు నీటి శాతం పది లక్షల భాగాల్లో ఇన్ని భాగాలు అని పదుల్లో రాసి ఇస్తారు. మూత ఒకసారి తీసి నమూనా తీసుకుంటే ఆ హామీ అక్కడితో సరి.

మరొక అంకె కూడా వున్నది. పి.ఇ.ఓ., టి.ఎఫ్.ఎస్.ఐ. పొరలో ప్రవహించే విద్యుత్తులో లిథియం మోసే వాటా నూటికి ఇరవై ప్రాంతమే. మిగిలినది రుణ అయాన్ల వాటా, బ్యాటరీకి అది దండుగ. మొత్తం వాహకత గొప్పగా రాసి ఈ వాటాను రాయని కాగితాలు చాలానే కనిపిస్తాయి. బియ్యం బరువు చెప్పి నూక శాతం చెప్పకపోవటం లాంటిది.

షెఫీల్డు నుంచి పారిస్ వరకు

పి.ఇ.ఓ.తో క్షార లోహాల లవణాలు కలుస్తాయని 1973లో ఇంగ్లండులోని షెఫీల్డులో పీటర్ రైట్, ఆయన సహచరులు ప్రకటించారు. 1975లో రైట్ ఆ మిశ్రమాల విద్యుత్ గుణాలను కూడా ప్రచురించారు. దీనిని బ్యాటరీకి వాడవచ్చునని 1978లో ఫ్రాన్సుకు చెందిన మిషెల్ ఆర్మాన్ స్కాట్లాండులోని ఒక సదస్సులో ప్రతిపాదించిన తర్వాతనే ప్రపంచం దృష్టి ఇటు మళ్లింది. కెనడాలోని హైడ్రో క్యుబెక్ విద్యుత్ సంస్థ 1980లలో దీని వెనుక డబ్బు పెట్టింది. అయితే 1991లో సోనీ కంపెనీ ద్రవం నింపిన లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చి బజారును ఎత్తుకుపోయింది. పొర వెనుకబడింది.

పొరను నమ్ముకుని పెద్ద ఎత్తున బండ్లు నడిపిన వారు ఫ్రాన్సులోని బొల్లోరే వర్గం. 2011 డిసెంబరు నుంచి 2018 జూలై వరకు పారిస్‌లో నడిచిన ఆటోలిబ్ అద్దె కార్లు లిథియం లోహం, పాలిమర్ పొర గల బ్యాటరీలతోనే తిరిగాయి. ఒక్కొక్క బ్యాటరీ 30 కిలోవాట్ గంటలది. పొర పని చేయాలంటే వేడి కావాలి గనుక బ్యాటరీని 60 నుంచి 80 డిగ్రీల మధ్య వుంచవలసి వచ్చేది. నిలబెట్టిన కారుకు కూడా తీగ తగిలించి వుంచాలి, లేకపోతే తనను తాను వెచ్చగా వుంచుకోవటానికే బ్యాటరీ ఖర్చవుతుంది. వ్యాపారం నష్టాలతో మూతపడింది. అదే వర్గం తయారుచేసిన విద్యుత్ బస్సులు రెండు 2022 ఏప్రిల్‌లో పారిస్‌లో తగలబడగా, రవాణా సంస్థ 149 బస్సులను తాత్కాలికంగా పక్కన పెట్టింది. ద్రవం లేదు గనుక నిప్పు భయం లేదు అని చెప్పి సరుకు అమ్మజూపే వారికి ఈ ఉదంతం గుర్తు చేయవచ్చును.

లిథియం పెరిగితే లవణం పడింది

ఇక ధరల విషయం. చైనాలో బ్యాటరీ తరగతి లిథియం కార్బొనేట్ 2022 నవంబరులో టన్నుకు సుమారు 6 లక్షల యువాన్లకు ఎక్కింది. 2023 జూలై 21న గ్వాంగ్‌ఝౌ ఎక్స్ఛేంజిలో లిథియం కార్బొనేట్ వాయిదా వ్యాపారం మొదలయినప్పుడు తొలి ప్రాతిపదిక ధర 2,46,000 యువాన్లు. ఏడాది చివరికి సరుకు లక్ష యువాన్ల చుట్టుపక్కలకు జారింది. మిర్చి, పసుపు బజార్లలో తేజీ మందీలు చూసి పండిన వారికి కూడా ఇంతటి పతనం అరుదు.

అయితే బ్రోకర్లు గమనించవలసింది దీనికి పక్కనే జరిగిన మరొక విషయం. లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ 2022 ఆరంభంలో టన్ను 5.5 లక్షల యువాన్లు దాటింది. ఆ ఏడాది మధ్యకు వచ్చేసరికి సగానికి పడిపోయింది. అప్పటికి కార్బొనేట్ ఇంకా శిఖరం చేరలేదు. అంటే ముడిసరుకు పైకి పోతున్న నెలల్లోనే దానితో తయారైన లవణం కిందికి వచ్చింది. కార్బొనేట్ గీతను చూసి లవణం డ్రమ్ములు నింపుకున్నవాడెవడైనా వుంటే, లిథియం విషయంలో అతని అంచనా ఒప్పే అయి కూడా డబ్బు పోగొట్టుకుని వుంటాడు.

కారణం బరువు లెక్కలోనే వున్నది. కార్బొనేట్‌లో లిథియం నూటికి 18.8 వంతులు. హెక్సాఫ్లోరోఫాస్ఫేట్‌లో 4.6 వంతులే. కాగితం మీద టన్ను లవణానికి సుమారు 243 కిలోల కార్బొనేట్ సరిపోతుంది. కార్బొనేట్ 6 లక్షల నుంచి లక్షకు పడితే లవణం ఖరీదులో తగ్గవలసింది సుమారు 1.2 లక్షల యువాన్లు. అది పడింది నాలుగు లక్షలకు పైగా. మిగతాదంతా కొత్త కర్మాగారాలు ఒకేసారి సరుకు దింపటం వల్ల వచ్చిన పోటీ ఫలితం. టి.ఎఫ్.ఎస్.ఐ.లో లిథియం మరీ తక్కువ, 2.4 వంతులు. దాని ధరను నడిపేది లిథియం గని కాదు, ఫ్లోరిన్ రసాయనం, శుద్ధి చేసే ఖర్చు. ముందు చెప్పిన నూరు కిలోల పొరలో వున్న లిథియాన్ని కార్బొనేట్‌గా చూస్తే మూడు కిలోల పైచిలుకు. కార్బొనేట్ అయిదు లక్షలు పడ్డా కిలో పొర మీద తేడా 16 యువాన్లు మించదు.

కస్టమ్స్ పట్టికలో కూడా ఇవి ఒకే ఇంటివి కావు. కార్బొనేట్ 2836 91 కింద, హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ 2826 90 కింద వస్తాయి. లిథియం ఖనిజానికి 2024 జూలై బడ్జెట్‌లో దొరికిన సుంకం మినహాయింపును చూపి లవణం కూడా చవక అవుతుందని చెప్పటం తొందరపాటు.

స్వదేశీ సరుకు మీద ఆశ ఇప్పట్లో పెట్టుకోదగినది కాదు. జమ్మూ కాశ్మీర్‌లోని రియాసీలో 59 లక్షల టన్నుల నిక్షేపం అని 2023 ఫిబ్రవరిలో ప్రకటించారు. అది తొలి అంచనా మాత్రమే. తగినంత మంది పాటదారులు రాక మొదటి వేలం 2024లో రద్దయింది. మన వైపు గిరాకీ మాత్రం కర్మాగారాల రూపంలో దగ్గరకు వస్తున్నది. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా సంస్థ 9,500 కోట్ల రూపాయల అంచనాతో తలపెట్టిన బ్యాటరీ ప్రాజెక్టుకు 2023 మేలో శంకుస్థాపన జరిగింది. తిరుపతిలో మునోత్ సంస్థ లిథియం అయాన్ సెల్ కర్మాగారంలో 2022 సెప్టెంబరులో ప్రయోగాత్మక ఉత్పత్తి ప్రారంభమయింది. ఇటువంటి పెద్ద కొనుగోలుదారులు లవణాన్ని బజారులో కొనరు. నేరుగా తయారీదారుతో ఒప్పందం చేసుకుంటారు. మధ్య వర్తకులకు మిగిలేది కళాశాలలు, పరిశోధనశాలలు, చిన్న ప్రయోగాత్మక యూనిట్లు కొనే అరకిలో, కిలో సీసాల వ్యాపారమే. అందులో లాభం శాతంలో బాగుంటుంది, పరిమాణంలో వుండదు.

కోఠీ గుజరాతీ గల్లీ వంటి చోట్ల మొబైల్ విడిభాగాలు అమ్మేవారికి ఒక మాట. ఫోను బ్యాటరీల మీద "లిథియం పాలిమర్" అని అచ్చువేసి వుండటం మామూలే. అందులో చాలా వాటిలో వుండేది మెత్తని సంచిలో పోసిన ద్రవం, లేదా ద్రవం పీల్చుకున్న జెల్. పైన చెప్పిన పొడి పొర కాదు. ఎండలో వుంచినా, సూది గుచ్చుకున్నా, ఉబ్బినది నొక్కినా మామూలు లిథియం అయాన్ బ్యాటరీకి వున్న ప్రమాదమే దీనికీ వున్నది.

లవణం నిల్వ చేసేవారు పర్‌క్లోరేట్ డ్రమ్మును గంధకం, చక్కెర, రంపపు పొట్టు, గోనె సంచుల దగ్గర పెట్టరాదు. హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ డబ్బాకు సీలు ఊడితే దానిని తిరిగి మూసి అమ్మటం కొనేవాడికే కాక తెరిచే గుమాస్తాకు కూడా ప్రమాదం. సరుకు తీసుకునేటప్పుడు బ్యాచి నంబరు, నీటి శాతం, సీలు వేసిన తేదీ మూడూ బిల్లు మీద రాయించుకోవాలి. సీసా సగం ఖాళీ అయ్యాక వచ్చే ఫిర్యాదును తయారీదారు ఎవరూ ఒప్పుకోరు.